ఒకే పేరుతో రెండు వైఫైలు: పక్కనున్న రౌటర్‌ని వదిలేసి ల్యాప్‌టాప్ కింది అంతస్తుదాన్నే పట్టుకుంటోంది

నల్లకుంట_మేడ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నల్లకుంటలో సొంత ఇల్లు. కింద అమ్మానాన్న, పైన మేము. ఇంటర్నెట్ వాళ్ళు ఇచ్చిన రౌటర్ కింద హాల్లో గోడకి ఉంది. దాన్నుంచి మెట్ల పక్కగా కేబుల్ లాగించి పైన ఇంకో రౌటర్ పెట్టించాను. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్.

నా టేబుల్ దగ్గర కూర్చుంటే పై రౌటర్ ఎదురుగానే కనిపిస్తుంది. అయినా ల్యాప్‌టాప్ వెళ్ళి కిందదాన్ని పట్టుకుంటోంది, ముఖ్యంగా కరెంటు పోయి వచ్చాక. ఇక ఆఫీసు కాల్లో నాకు అందరి మాటా బాగానే వినిపిస్తుంది కానీ నా మాట వాళ్ళకి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. వైఫై ఆపి మళ్ళీ వేస్తే ఒకసారి పైదానికి మారుతుంది, ఇంకోసారి మారదు. క్లయింట్ కాల్ ఉందంటే ముందురోజు నుంచే టెన్షన్.

ఫలానా పరికరం ఫలానా రౌటర్‌కే కనెక్ట్ అవ్వాలని కట్టడి చేసే దారి ఉందా? ల్యాప్‌టాప్ ఆఫీసుది, విండోస్ 11, అడ్మిన్ పర్మిషన్ లేదు. నా సొంత ఉబుంటు ల్యాప్‌టాప్‌లోనూ ఇదే సమస్య.

తరంగం | సోమవారం, రాత్రి 9:48

ఏ రౌటర్‌కి కనెక్ట్ అవ్వాలో నిర్ణయించేది రౌటర్ కాదండీ, మీ ల్యాప్‌టాప్. వైఫై ప్రమాణం 802.11 ఆ హక్కుని మొదటి నుంచీ పరికరానికే ఇచ్చింది. రౌటర్ చేయగలిగేది "అటు వెళ్తే మంచిది" అని సలహా ఇవ్వడం, లేదంటే "నా దగ్గరికి రావద్దు" అని తోసేయడం. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు.

ఒకసారి కనెక్ట్ అయ్యాక పరికరం ఇంకా మంచిది ఉందేమోనని అదేపనిగా వెతకదు. వెతకాలంటే తన ఛానల్ వదిలి మిగతా ఛానళ్ళన్నీ తిరిగి రావాలి. ఆ కాసేపు డేటా ఆగుతుంది, బ్యాటరీ ఖర్చవుతుంది. అందుకే సిగ్నల్ ఒక హద్దు కిందికి పడేదాకా కదలదు. ఆపిల్ ఈ హద్దుని బయటికే చెప్పింది: ఐఫోన్‌కి మైనస్ 70 డీబీఎం, మ్యాక్ కంప్యూటర్‌కి మైనస్ 75. డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. ఆ హద్దు దాటినా సరే, డేటా నడుస్తున్నప్పుడు కొత్త రౌటర్ పాతదానికంటే కనీసం 8 డీబీ బలంగా ఉంటేనే ఐఫోన్ మారుతుంది. మిగతా కంపెనీల అంకెలు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

మీ కింది రౌటర్ సిగ్నల్ మెట్ల దారిలోంచి మైనస్ 66 దగ్గర పైకి వస్తోందనుకోండి. ల్యాప్‌టాప్ లెక్కలో అది పర్వాలేదు. పక్కనే మైనస్ 40తో ఇంకోటి ఉన్నా దానివైపు తిరిగి చూడదు.

కరెంటు పోయినప్పుడు అంటున్నారు కదా, రెండు రౌటర్లూ ఇన్వర్టర్ మీదే ఉన్నాయా?

పెంగ్విన్_పంతులు | సోమవారం, రాత్రి 10:05

ఉబుంటులో మీరు అడిగిన కట్టడి సరిగ్గా ఉంది. సెట్టింగ్స్‌లో వైఫైకి వెళ్ళి, మీ నెట్‌వర్క్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. ఐడెంటిటీ ట్యాబ్‌లో బీఎస్ఎస్ఐడీ, అంటే వైఫై ప్రసారం చేసే రౌటర్ చిరునామా, అనే గడి ఉంటుంది. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది, అంటే ఆ పేరున్న ఏ రౌటర్ అయినా సరే అని అర్థం. అందులో పై రౌటర్ చిరునామా పెట్టి సేవ్ చేస్తే ఇక దానికి తప్ప వేరేదానికి వెళ్ళదు.

వైఫై పేరు రెండింటికీ ఒకటే అయినా బీఎస్ఎస్ఐడీ దేనిదానికే ఉంటుంది. ఒకే రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఒకటి, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇంకోటి, గెస్ట్ నెట్‌వర్క్ వేస్తే దానికి మరోటి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న చిరునామాకీ వీటికీ చివరి అక్షరాలు చాలాసార్లు తేడాగా ఉంటాయి, కాబట్టి స్టిక్కర్ చూసి రాసుకోకండి. ల్యాప్‌టాప్ పైఅంతస్తు రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌కి కనెక్ట్ అయి ఉన్నప్పుడు చూసి అదే పెట్టండి.

ఒక ఇబ్బంది ముందే చెప్తాను. ఇలా ఒక్క రౌటర్‌కే కట్టేయడం తాళం వేయడమే, ఆ రౌటర్ ఆగిపోతే ఆ ల్యాప్‌టాప్‌కి ఇంట్లో వైఫై లేనట్టే. కింద ఉన్నదానికి తనంతట తాను వెళ్ళదు. హాల్లోకి తీసుకెళ్ళి కూర్చున్నా అంతే. ఒకేచోట ఉండే కంప్యూటర్‌కి ఇది బాగుంటుంది. తిరిగే ల్యాప్‌టాప్‌కి అయితే బీఎస్ఎస్ఐడీ బదులు బ్యాండ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మాత్రమే పెట్టి చూడండి. కింది రౌటర్ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబ్ దాటి పైకి ఎలాగూ బలహీనంగానే వస్తుంది.

నల్లకుంట_మేడ | సోమవారం, రాత్రి 10:31

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఉబుంటులో ఆ గడి కనిపించింది.

తరంగం గారూ, కింది రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, పైది లేదు. పైన ఇన్వర్టర్ లైను లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే ఇచ్చారు.

తరంగం | సోమవారం, రాత్రి 10:44

మీ సమస్యలో సగం అక్కడే ఉంది. కరెంటు పోగానే పై రౌటర్ ఆగుతుంది, ల్యాప్‌టాప్ బతికున్న కిందదానికి వెళ్తుంది. కరెంటు వచ్చాక పైది లేచేసరికి ల్యాప్‌టాప్ కింద స్థిరపడిపోయి ఉంటుంది. సిగ్నల్ ఆ హద్దు కిందికి పడదు కాబట్టి వెనక్కి రాదు. పై రౌటర్‌కి ఇన్వర్టర్ పాయింట్ ఇప్పించండి, లేదా రౌటర్ల కోసం దొరికే చిన్న 12 వోల్టుల బ్యాటరీ యూపీఎస్ పెట్టండి. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూసి సరిపోయేదే కొనండి.

ఇంకోటి. పై రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఛానల్‌ని ఆటోలో వదలకండి. 36, 40, 44, 48లో ఒకటి పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్ళలో రాడార్ ఉందేమోనని రౌటర్ కనీసం ఒక నిమిషం విని, ఏమీ లేకపోతేనే ప్రసారం మొదలుపెడుతుంది. ఆ నిమిషంలో మీ పరికరాలన్నీ కిందికి పోతాయి.

సైనిక్‌పురి_శారద | మంగళవారం, ఉదయం 6:50

నేను ఒక లేడీస్ హాస్టల్‌కి నెట్‌వర్క్ చూస్తుంటాను. అంతస్తుకి రెండు యాక్సెస్ పాయింట్లు, అంటే ఉన్న నెట్‌వర్క్‌నే వైఫైగా పంచే పెట్టెలు. మీ పోస్టులో నాకు పట్టుబడిన మాట ఒకటుంది: మీకు అందరూ బాగా వినిపిస్తున్నారు, మీ మాటే ముక్కలవుతోంది. రౌటర్ గట్టిగా పంపుతోంది కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కి బాగానే వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ అంత బలంగా పంపలేదు కాబట్టి కింది రౌటర్‌కి సరిగ్గా అందట్లేదు. స్క్రీన్ మీద గీతలు నిండుగా చూపిస్తున్నా కాల్ పాడవడానికి తరచూ ఇదే కారణం. ఆ గీతలు ఒకవైపు లెక్క మాత్రమే చెప్తాయి.

అందువల్ల నా సలహా చాలామందికి తిరకాసుగా అనిపిస్తుంది. కింది రౌటర్ వైఫై ప్రసార పవర్ తగ్గించండి. ఎక్కువ పవర్ ఉంటే ఎక్కువ దూరం మంచి వైఫై అనుకుంటాం, కానీ రెండు రౌటర్లున్న ఇంట్లో అది దూరంగా ఉన్న పరికరాలని కూడా వదలకుండా పట్టుకోవడానికే పనికొస్తుంది. పవర్ తగ్గిస్తే పైఅంతస్తులో దాని సిగ్నల్ ఆ హద్దు కిందికి పడుతుంది, ల్యాప్‌టాప్ తనంతట తానే పైదాన్ని వెతుక్కుంటుంది. అడ్మిన్ పర్మిషన్ లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలీదు, ఎందుకంటే ల్యాప్‌టాప్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు.

కంపెనీలిచ్చే రౌటర్లు కొన్నిట్లో ఇది 100, 80, 60 శాతం అని ఉంటుంది, కొన్నిట్లో హై, మీడియం, లో. ప్రతి 3 డీబీ తగ్గింపుకి పవర్ సగం అవుతుంది, కాబట్టి 50 శాతం పెట్టినా సిగ్నల్ పడేది 3 డీబీలే. జంకకుండా ఇంకా కిందికి దించండి. ముందు 2.4 గిగాహెర్ట్జ్ మీద చేయండి, గోడలు దాటి ఎక్కువ దూరం వెళ్ళేది అదే. మా హాస్టల్లో 2.4ని 5 కంటే 6 డీబీ తక్కువలో ఉంచుతాను. 2.4లో రెండు రౌటర్లకీ ఛానళ్ళు వేరుగా ఉండాలి: 1, 6, 11లో ఒకదానికి ఒకటి, రెండోదానికి ఇంకోటి.

ఇక విండోస్‌లో బీఎస్ఎస్ఐడీకి తాళం వేసే గడి సెట్టింగ్స్‌లో ఎక్కడా లేదు. ఉన్నది వైఫై కార్డు డ్రైవర్‌లో. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద నొక్కి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్తే, ఇంటెల్ కార్డులకి రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని 5 మెట్లుంటాయి. మామూలుగా మధ్యలో ఉంటుంది. పైకి జరిపితే త్వరగా కొత్త రౌటర్ వెతుకుతుంది. అక్కడే ప్రిఫర్డ్ బ్యాండ్ కూడా ఉంటుంది. కాకపోతే దీనికి అడ్మిన్ పర్మిషన్ కావాలి, మీ ఆఫీసు ఐటీ వాళ్ళని అడిగితే దూరం నుంచే మార్చిపెడతారు.

వైరింగ్_బోయిన్‌పల్లి | మంగళవారం, ఉదయం 8:20

ఇన్ని తిప్పలెందుకు అన్నా. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి, పైదానికి "మేడ", కిందిదానికి "హాల్". ల్యాప్‌టాప్‌లో "హాల్" ఫర్గెట్ కొట్టండి. దీనికి అడ్మిన్ ఎవడూ అక్కర్లేదు. నేను కేబుల్ లాగే ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే ఇదే చేసి వస్తా. ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అంటే "ఏ పేరు కనిపిస్తోందమ్మా" అని ఒక్క ప్రశ్నతో ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది. పవర్, ఛానల్ అంటూ సెట్టింగులు మార్చి వస్తే, రేపు రౌటర్ రీసెట్ అయితే మళ్ళీ ఎవరు పెడతారు?

తరంగం | మంగళవారం, ఉదయం 9:05

రీసెట్ గురించి అన్నా చెప్పింది నిజం, సెట్టింగులు మార్చాక ఫోటో తీసి పెట్టుకోవాలి. కదలని ల్యాప్‌టాప్ ఒక్కటే సమస్య అయితే వేరే పేరు సరైన మందే.

కానీ ఫోన్ల సంగతి వేరు. వాట్సాప్ కాల్ మాట్లాడుతూ మెట్లెక్కితే, ఒకే పేరున్నప్పుడు ఫోన్ కింద నుంచి పైకి సర్దుకుంటుంది. వేరే పేర్లయితే కింది సిగ్నల్ పూర్తిగా చచ్చేదాకా దాన్నే పట్టుకుని, ఆ తర్వాత కొత్త పేరుకి మొదటి నుంచి కనెక్ట్ అవుతుంది. కాల్ తెగే అవకాశం ఎక్కువ. నేనైతే రెండూ కలుపుతాను: రెండు రౌటర్లకీ ఒకే పేరు ఉంచి, పై రౌటర్‌లో మాత్రం అదనంగా ఇంకో పేరు సృష్టించి ఆఫీసు ల్యాప్‌టాప్‌కి అదొక్కటే ఇస్తాను. గెస్ట్ నెట్‌వర్క్‌ని ఇలా వాడుకోవచ్చు, కాకపోతే గెస్ట్‌లో ఉన్నదానికి ఇంట్లో ప్రింటర్ కనిపించకపోవచ్చు.

నల్లకుంట గారూ, ఇది తప్పకుండా చూడండి. పై రౌటర్ కింది నెట్‌వర్క్‌నే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉందా, సొంత నెట్‌వర్క్ నడిపే రౌటర్ మోడ్‌లో ఉందా? పైనున్నప్పుడూ కిందున్నప్పుడూ ఫోన్ ఐపీ అడ్రస్ చూస్తే తెలుస్తుంది. కింద 192.168.1తో మొదలై పైన 192.168.0తో మొదలైతే రౌటర్ మోడ్. అప్పుడు ఒకే పేరున్నా అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. ఫోన్ మారిన ప్రతిసారీ అడ్రస్ మారుతుంది, కాల్ తెగుతుంది.

నల్లకుంట_మేడ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మీరు చెప్పినట్టే, పైన అడ్రస్ వేరుగా వస్తోంది. కేబుల్ లాగడానికి వచ్చిన అబ్బాయి పై రౌటర్ వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ కేబుల్ గుచ్చే చోటు) గుచ్చి, పేరూ పాస్‌వర్డూ పెట్టేసి వెళ్ళిపోయాడు. పైనుంచి కింది ప్రింటర్ ఎందుకు కనిపించదో ఇప్పుడు అర్థమైంది. సాయంత్రం మోడ్ మారుస్తాను.

కొండాపూర్_14వ_ఫ్లోర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది అపార్ట్‌మెంట్, మూడు యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ పెట్టాం. టీపీ-లింక్ డెకో. హాల్లో టీవీ పక్కనే ఒక యూనిట్ ఉంది, అయినా టీవీ మాత్రం బెడ్‌రూమ్ యూనిట్‌ని పట్టుకుని వీడియో గిరగిరా తిరుగుతుంటుంది. దీనికీ తాళం ఉంటుందా?

సైనిక్‌పురి_శారద | మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఉందండీ. డెకో యాప్‌లో ఆ టీవీ మీద నొక్కితే కనెక్షన్ ప్రిఫరెన్స్ అని వస్తుంది, అందులో హాలు యూనిట్ ఎంచుకోండి. మెష్ టెక్నాలజీ అనే స్విచ్ కూడా పరికరానికి విడిగా ఉంటుంది. టీవీ లాంటి కదలని వస్తువుకి దాన్ని ఆపేయొచ్చు. యూనిఫై, ఒమాడా కంపెనీ యాక్సెస్ పాయింట్లు వాడేవాళ్ళకి ఇదే పని లాక్ టు ఏపీ పేరుతో ఉంటుంది. ఇవి పరికరానికి ఆజ్ఞ ఇవ్వడం కాదు. మిగతా యూనిట్లు దానికి జవాబివ్వడం మానేస్తాయి, అంతే.

కానీ టీవీ పక్కనే యూనిట్ ఉన్నప్పుడు వైఫై దేనికండీ? యూనిట్ వెనక ఈథర్నెట్ పోర్టు ఉంటుంది, చిన్న కేబుల్ ముక్కతో కలిపేయండి. సికింద్రాబాద్ సీటీసీలో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. కదలని ప్రతి వస్తువునీ వైఫై నుంచి తప్పిస్తే మిగతా పరికరాలకి గాలిలో చోటు దొరుకుతుంది.

కొండాపూర్_14వ_ఫ్లోర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:52

థ్యాంక్యూ మేడమ్. ఇంకో చిన్న డౌట్. పరికరం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) చూసి ఆపే మ్యాక్ ఫిల్టర్‌తో ఇది చేయొచ్చని ఒకరు చెప్పారు. బెడ్‌రూమ్ యూనిట్‌లో టీవీని బ్లాక్ చేయమని.

సైనిక్‌పురి_శారద | మంగళవారం, సాయంత్రం 4:10

ఒక్కో రౌటర్‌కి విడిగా ఫిల్టర్ పెట్టగలిగితే చేయొచ్చు. మెష్‌లలో చాలావరకు బ్లాక్ అంటే మొత్తం నెట్‌వర్క్ నుంచే వెళ్ళగొట్టడం, జాగ్రత్త. ఫోన్లకయితే మరీ జాగ్రత్త. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ దాచి నెట్‌వర్క్‌కి ఒక బూటకపు అడ్రస్ చూపిస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్‌లో కనిపించే అడ్రస్ పెట్టి ఫిల్టర్ పనిచేయట్లేదని మా హాస్టల్ వార్డెన్ చాలా అవస్థ పడ్డారు. ఆ వైఫై పేరు కింద కనిపించే అడ్రస్ పెట్టాలి.

ఇలాగే బలహీనమైన సిగ్నల్ ఉన్న పరికరాలని తోసేసే మినిమమ్ ఆర్ఎస్ఎస్ఐ అనే సెట్టింగ్ కొన్ని యాక్సెస్ పాయింట్లలో ఉంటుంది. దాన్ని మైనస్ 70 లాంటి కఠినమైన అంకెతో మొదలుపెట్టకండి. తోసేసిన ఫోన్ మళ్ళీ అక్కడికే వస్తుంది, మళ్ళీ తోస్తుంది, పరీక్షల ముందు పిల్లలు నోట్సు డౌన్‌లోడ్ చేసుకోలేక కూర్చుంటారు. మైనస్ 80 దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ బిగించాలి, అది కూడా పవర్ తగ్గించాకే.

ఈసీఐఎల్_కుర్రోడు | మంగళవారం, రాత్రి 8:25

అన్నా, అక్కా, నాదో ప్రశ్న. మేడ మీద నీళ్ళ ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చెప్పే సెన్సర్ చేశాను, వైఫై ఉన్న చిన్న బోర్డు ఈఎస్‌పీ32తో. నల్లా వచ్చే రోజు సంపు నుంచి మోటారు ఎప్పుడు వేయాలో అమ్మకి ఫోన్లో తెలియాలని. ట్యాంకుకి దగ్గరగా పై రౌటర్ ఉంది, కానీ బోర్డు కింది రౌటర్‌నే పట్టుకుని తరచూ డిస్కనెక్ట్ అవుతుంది. బీఎస్ఎస్ఐడీ కోడ్‌లో ఇవ్వొచ్చా?

పెంగ్విన్_పంతులు | మంగళవారం, రాత్రి 9:00

ఇవ్వొచ్చు తమ్ముడూ. ఆర్డినో కోడ్‌లో వైఫై బిగిన్ అనే ఆదేశానికి పేరు, పాస్‌వర్డ్ తర్వాత మూడోది ఛానల్, నాలుగోది బీఎస్ఎస్ఐడీ. ఈఎస్‌పీ32 పట్టేది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, కాబట్టి పై రౌటర్ 2.4 బీఎస్ఎస్ఐడీ పెట్టు. ఛానల్ అంకె కూడా ఇస్తే రౌటర్‌లో ఆ ఛానల్‌ని ఆటో నుంచి తీసేయాలి.

అయితే నీ విషయంలో తాళం వేయకుండానే పని అవుతుందనుకుంటున్నా. ఆ బోర్డు మామూలుగా త్వరగా వెతికే పద్ధతిలో ఉంటుంది. ఛానళ్ళు వరుసగా చూస్తూ, ఆ పేరున్న మొదటి రౌటర్ కనబడగానే ఆగిపోతుంది. ఎవరి సిగ్నల్ బలమో పోల్చదు. మీ కింది రౌటర్ ఛానల్ 1లో, పైది 11లో ఉంటే ప్రతిసారీ కిందిదే గెలుస్తుంది. స్కాన్ పద్ధతిని అన్ని ఛానళ్ళూ చూసేలా, వరుసని సిగ్నల్ బలం ప్రకారం పెట్టేలా బిగిన్ కంటే ముందే సెట్ చెయ్. కనెక్ట్ అవ్వడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ట్యాంకు సెన్సర్‌కి అది నష్టం కాదు. ఒక రౌటర్ పోయినా రెండోదానికి వెళ్తుంది. అమ్మకి నీళ్ళ సంగతి తెలియడం ముఖ్యం కదా.

మలక్‌పేట_మాస్టారు | బుధవారం, ఉదయం 7:35

ఒక సందేహం. బీఎస్ఎస్ఐడీకి తాళం వేస్తే, ఎవరైనా మన వైఫై పేరే పెట్టి దొంగ రౌటర్ నడిపితే దానికి వెళ్ళకుండా కాపాడుతుందా?

తరంగం | బుధవారం, ఉదయం 8:10

దాని మీద ఆధారపడకండి మాస్టారూ. బీఎస్ఎస్ఐడీ గాల్లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని కాపీ కొట్టడం కష్టం కాదు. కాపాడేది గట్టి పాస్‌వర్డ్, వీలైతే డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి.

నల్లకుంట_మేడ | శనివారం, ఉదయం 10:20

చేసినవన్నీ చెప్తాను. పై రౌటర్ యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాను. దానికి చిన్న యూపీఎస్ పెట్టాను. 5 గిగాహెర్ట్జ్ ఛానల్ 40, 2.4లో కిందిదానికి ఛానల్ 1, పైదానికి 11. కింది రౌటర్ పవర్ 2.4లో బాగా దించాను. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అని కొడితే ఏ బీఎస్ఎస్ఐడీలో ఉన్నామో చూపిస్తోంది, దానికి అడ్మిన్ అక్కర్లేదు, లొకేషన్ ఆన్‌లో ఉండాలంతే. ఇప్పుడు కరెంటు పోయి వచ్చినా పైదాంట్లోనే ఉంటోంది. నిన్న క్లయింట్ కాల్ మొత్తం ఒక్కరు కూడా "మళ్ళీ చెప్పండి" అనలేదు. ఉబుంటులో బీఎస్ఎస్ఐడీ తాళం తీసేసి బ్యాండ్ మాత్రం 5కి ఉంచాను.

రెండు మిగిలాయి. పవర్ తగ్గించాక నాన్నకి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటే వైఫై అందట్లేదు. ఇంకోటి, పై రౌటర్‌లో ఫాస్ట్ రోమింగ్ అని ఉంటే వేశాను, అప్పట్నుంచి పాత ప్రింటర్ వైఫైకి ఎక్కట్లేదు.

సైనిక్‌పురి_శారద | శనివారం, ఉదయం 11:05

చాలా సంతోషం. నాన్నగారి కోసం పవర్ ఒక్క మెట్టు పెంచి, పైన ల్యాప్‌టాప్ దగ్గర మళ్ళీ బీఎస్ఎస్ఐడీ చూడండి. మారకపోతే అక్కడే ఉంచేయండి. పెద్దాయన సాయంత్రాలు కూర్చునే చోటు వదులుకోవద్దు.

తరంగం | శనివారం, ఉదయం 11:40

ఫాస్ట్ రోమింగ్ అంటే సాధారణంగా 802.11ఆర్, ఒక రౌటర్ నుంచి ఇంకోదానికి త్వరగా మారే పద్ధతి. పాత ప్రింటర్లు కొన్నిటికి ఆ ప్రకటన అర్థం కాదు, నెట్‌వర్క్‌కి కనెక్టే అవ్వవు. మామూలు పాస్‌వర్డ్‌తో నడిచే ఇంటి వైఫైకి దాని లాభం తక్కువ, ఆపేయండి. పొరుగు రౌటర్ల జాబితా ఇచ్చే 802.11కే, అటు వెళ్ళమని సలహా ఇచ్చే 802.11వీ విడిగా కనిపిస్తే అవి మాత్రం ఉంచండి. ఆపాక ప్రింటర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ వేయండి.

నల్లకుంట_మేడ | శనివారం, మధ్యాహ్నం 12:30

ఆపాను. ప్రింటర్ ఎక్కింది.